కెరీర్ లక్ష్యాలు, రోజువారీ పని అలవాట్లు: గోదావరి జిల్లాల వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

అమలాపురం నుంచి భీమవరం దాకా, కాకినాడ నుంచి నరసాపురం దాకా డిగ్రీ పూర్తయిన పిల్లలు, కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు, మధ్యలో ఆగిపోయి మళ్లీ మొదలుపెడదామనుకునేవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. జవాబులన్నిటి వెనకా ఉన్న నమ్మకం ఒకటే. ఉద్యోగం పేరు చూసి లక్ష్యం పెట్టుకోకూడదు, ఆ ఉద్యోగంలో పొద్దున్నుంచి రాత్రి దాకా చేతులతో, బుర్రతో చేయాల్సిన పని చూసి పెట్టుకోవాలి.

"మంచి ఉద్యోగం సంపాదించాలి" అని గట్టిగా అనుకుంటే చాలదా? రాసుకోవాలా?

రాసుకోవాలి. గట్టిగా అనుకున్నంత మాత్రాన రేపు పొద్దున్న ఏం చేయాలో తెలియదు. రాసేటప్పుడు మూడు సంగతులు ఉండాలి: ఏ పని చేతకావాలి, ఎప్పటిలోగా, అందుకోసం ఈ వారం ఏం చేస్తాను. "అకౌంట్స్ లైన్‌లో సెటిలవ్వాలి" అనేది కోరిక. "వచ్చే జూన్‌లోగా ఒక చిన్న షాపు నెల లెక్కలు ట్యాలీలో ఎవరి సాయమూ లేకుండా వేయగలగాలి, ఈ వారం కొనుగోలు, అమ్మకం ఎంట్రీలు నేర్చుకుంటాను" అంటే అది లక్ష్యం. అలా రాసుకున్నవాళ్లు ఆదివారం రాత్రి కూర్చుని అయిందా, కాలేదా అని చూసుకోగలరు.

ఎడ్విన్ లాక్, గ్యారీ లేథమ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు దీని మీద దశాబ్దాలపాటు పనిచేశారు. "నీకు చేతనైనంత చెయ్యి" అని చెప్పి వదిలేసినవాళ్ల కంటే, స్పష్టమైన, కాస్త కష్టమైన లక్ష్యం ఉన్నవాళ్లు మెరుగ్గా పనిచేస్తారని తేల్చారు. అయితే ఆ లక్ష్యాన్ని మనిషి మనసారా ఒప్పుకోవాలి, ఎంతవరకు వచ్చాడో మధ్యమధ్యలో అతనికి తెలుస్తూ ఉండాలి. ఇంట్లోవాళ్లు చెప్పారని రాసుకున్న లక్ష్యం మొదటి షరతు దగ్గరే ఆగిపోతుంది.

ఏ పని నాకు నప్పుతుందో ఎలా తెలుస్తుంది?

ఆ పని చేసేవాళ్ల పక్కన ఒక పూర్తి రోజు ఉండండి. యూట్యూబ్‌లో వీడియోలు చూస్తే ఇది తెలియదు. మన డెల్టాలో అదృష్టం ఏంటంటే, అడిగితే కాదనేవాళ్లు తక్కువ.

రొయ్యల చెరువు మీద టెక్నీషియన్ పనే తీసుకోండి. భీమవరం చుట్టుపక్కల, కోనసీమ తీరం వెంబడి ఆ ఉద్యోగాలు చాలా ఉన్నాయి. 2009లో వనామీ రొయ్యకు అనుమతి వచ్చిన తర్వాత బాగా పెరిగాయి. బయటినుంచి చూస్తే చెరువు గట్టు మీద తిరగడమే కదా అనిపిస్తుంది. కానీ నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామున. రాత్రంతా నాచు, రొయ్యలు అన్నీ ఆక్సిజన్ వాడుకుంటాయి, ఎండ రానిదే కొత్తది పుట్టదు. అందుకే డీఓ (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) రీడింగ్ ఆ చీకట్లోనే తీయాలి, నీళ్లలోకి గాలి ఎక్కించే ఏరేటర్లు తిరుగుతున్నాయో లేదో ఆ చీకట్లోనే చూడాలి. రోజుకి మూడు నాలుగు సార్లు మేత. మేత వేశాక చెక్ ట్రే పైకి లాగి ఎంత మిగిలిందో చూడాలి. మిగిలితే తర్వాతి పూట తగ్గించాలి, ఖాళీగా ఉంటే పెంచాలి. పీహెచ్, ఉప్పు శాతం, మేత కిలోలు ప్రతిదీ బుక్కులో ఎక్కించాలి. పట్టుబడి దాకా మూడు నాలుగు నెలలు ఇదే వరస. ఒక్క రాత్రి కరెంటు పోయి, జనరేటర్ అందుకోకపోతే రైతు పెట్టుబడి మొత్తం పోతుంది, అంత బాధ్యత ఆ కుర్రాడి మీద ఉంటుంది. ఈ చీకటి లేవడం, ఈ రాతకోత మీకు భారంగా అనిపించకపోతే మీకిది మంచి లైన్. కాకినాడలో ఉన్న స్టేట్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫిషరీస్ టెక్నాలజీలో ఏ శిక్షణలు నడుస్తున్నాయో వెళ్లి కనుక్కోండి.

అకౌంట్స్ పని ఇంకో రకం. నెలనెలా రిటర్న్ వేసే వ్యాపారులకి జీఎస్టీలో 11వ తేదీ, 20వ తేదీ గడువులు. ఆ రెండు తేదీల ముందు రోజుల్లో ఆడిటర్ ఆఫీసులో తల ఎత్తే తీరిక ఉండదు. బిల్లులు సరిపోలక, పార్టీ ఫోన్ ఎత్తక, రూపాయి తేడా కోసం గంటసేపు వెతకడం ఉంటుంది. ఆ తేడా దొరికినప్పుడు సంతోషించేవాళ్లు ఉంటారు. వాళ్లు ఈ పనికి పుట్టినవాళ్లు.

కడియం నర్సరీల్లో అయితే అంటు కట్టే చెయ్యి, లోడు ఎత్తించే చాకచక్యం, బయటి రాష్ట్రాల కొనుగోలుదారుతో హిందీలో నాలుగు మాటలు కావాలి.

ఎవరి దగ్గరికి వెళ్లినా ఈ ప్రశ్న తప్పక అడగండి: "ఈ పనిలో మీకు బాగా విసుగు పుట్టించేది ఏంటండి? రోజులో ఎంతసేపు అది చేస్తారు?" జీతం గురించి ఎవరైనా చెబుతారు. ఈ జవాబు మాత్రం పని చేసేవాళ్లే చెప్పగలరు. ఆ విసుగు పనిని మీరు భరించగలిగితే మిగతాది నేర్చుకోవచ్చు.

అందరూ హైదరాబాద్, బెంగళూరు వెళ్లిపోతున్నారు. ఇక్కడే ఉంటే వెనకబడిపోతానా?

సాఫ్ట్‌వేర్ మీద ఇష్టముంటే వెళ్లాలి, అందులో మొహమాటం అక్కర్లేదు. ఇష్టం లేకుండా, పక్కింటి అబ్బాయి వెళ్లాడని వెళ్లి హాస్టల్ గదిలో కోర్సు మీద కోర్సు చేస్తున్నవాళ్లని చూస్తే మాత్రం బాధేస్తుంది. ఇక్కడ ధాన్యం మిల్లులు, ఆక్వా, మేత కంపెనీలు, కొబ్బరి వ్యాపారం, అరటి మార్కెట్, కాకినాడ పోర్టు, ఆసుపత్రులు, స్కూళ్లు అన్నీ ఉన్నాయి. వాటికి నమ్మకంగా లెక్క రాసేవాళ్లు, మెషిన్లు చూసుకునేవాళ్లు, కస్టమర్‌తో మాట్లాడేవాళ్లు కావాలి. జీతం పోల్చేటప్పుడు చేతికి వచ్చే అంకె ఒక్కటే చూడకండి. అద్దె, మెస్, ప్రయాణం తీసేస్తే నెలాఖరుకి ఏం మిగులుతుందో కాగితం మీద రెండు ఊళ్లకీ వేసి చూడండి. నేర్చుకునే అవకాశం ఎక్కడ ఎక్కువో కూడా రాయండి. మొదటి మూడేళ్లు నేర్చుకునే చోటుకే నా ఓటు, అది ఏ ఊరైనా సరే.

గవర్నమెంటు ఉద్యోగానికి ఎన్నేళ్లు ప్రిపేర్ అవ్వచ్చు?

మొదలుపెట్టే రోజునే ఆపే తేదీ కూడా రాసుకోండి. ఈ మాట చెబితే చాలామందికి నచ్చదు, అయినా చెప్పాలి. బ్యాంకు పరీక్షల్లో ఐబీపీఎస్ క్లర్కుకి వయసు 20 నుంచి 28, పీవోకి (ప్రొబేషనరీ ఆఫీసర్) 20 నుంచి 30. ఓబీసీలకి 3 ఏళ్లు, ఎస్సీ, ఎస్టీలకి 5 ఏళ్లు సడలింపు ఉంది. గ్రూప్-2లో స్క్రీనింగ్ 150 మార్కులకి, మెయిన్స్ రెండు పేపర్లు కలిపి 300కి. తప్పు జవాబుకి మూడో వంతు మార్కు కోత. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో మన చేతిలో లేదు. మన చేతిలో ఉన్నది మాక్ టెస్టు మార్కులు. ప్రతి రెండు వారాలకీ ఆ మార్కులు ఒక పేజీలో వరసగా రాయండి. ఆరు నెలలు గడిచినా ఆ అంకె పెరగకపోతే చదివే పద్ధతి మారాలి. పద్ధతి మార్చినా మరో ఆరు నెలల్లో కదలకపోతే, పక్కన ఒక ఉద్యోగం పట్టుకుని చదవండి. ఉద్యోగం చేస్తూ రాసేవాళ్లకి టెన్షన్ తక్కువ, ఇంట్లో మాటలు పడటం కూడా తక్కువ.

గ్రూప్స్, బ్యాంకు, రైల్వే, డీఎస్సీ అన్నీ ఒకేసారి పెట్టుకోవద్దు. అరిథ్‌మెటిక్, రీజనింగ్ ఉమ్మడిగా వచ్చేవి రెండు ఎంచుకోండి.

ఇంట్లో ఒప్పుకోవట్లేదు. నాన్నగారు పొలం, చెరువు చూసుకోమంటున్నారు, నాకేమో వేరే పని మీద ఆశ. ఎలా చెప్పాలి?

పండగ పూట, చుట్టాల ముందు ఆ మాట ఎత్తకండి. మామూలు రోజు, ఆయన భోజనం చేసి తీరిగ్గా కూర్చున్నప్పుడు, కాగితం మీద రాసుకుని వెళ్లండి: ఏ పని, ఎంత కాలం, ఎంత ఖర్చు, కుదరకపోతే ఏం చేస్తాను. పెద్దవాళ్ల భయం ఎక్కువగా ఆఖరి ప్రశ్న దగ్గరే ఉంటుంది. "ఒక్క ఏడాది ఇవ్వండి నాన్నా, వచ్చే సంక్రాంతికి ఇక్కడిదాకా రాకపోతే మీరు చెప్పినట్టే చేస్తాను" అంటే వినే తండ్రులు చాలామంది ఉన్నారు. ఆ ఏడాదిలో నెలకోసారి ఎంతవరకు వచ్చిందో మీరే వెళ్లి చెప్పాలి. అడిగించుకోకండి.

ఆడపిల్లలకి ఈ సంభాషణ ఇంకా కష్టం. పెళ్లి మాట మధ్యలోకి వస్తుంది. అమ్మమ్మో, పిన్నో, స్కూల్లో చదువు చెప్పిన టీచరుగారో, ఇంట్లో మాట చెల్లే ఒక పెద్దావిడని ముందుగా మీవైపు తెచ్చుకోండి. ఇది దొడ్డిదారి కాదు, మన ఇళ్లల్లో పెద్ద నిర్ణయాలు జరిగే తీరే ఇది.

జనవరిలో గొప్పగా మొదలుపెడతాను, సంక్రాంతికే ఆగిపోతుంది. ఎందుకిలా?

జనవరి 1 మనకి కొత్త పని మొదలుపెట్టే రోజు కాదు కాబట్టి. రెండు వారాల్లో భోగి, సంక్రాంతి, కనుమ, ముక్కనుమ, జగ్గన్నతోట ప్రభల తీర్థం, ఇంటినిండా చుట్టాలు. ఆ రోజుల్లో చదువు, కోర్సు సాగలేదని బాధపడటం అనవసరం. పండగ అయ్యాక వచ్చే సోమవారం మొదలుపెట్టండి.

ఏడాదిని మన ఊరి లెక్కలో విడగొట్టి చూడండి. జూన్‌లో కాలవలకి నీళ్లు వదులుతారు, సార్వా (ఖరీఫ్ వరి) పనులు మొదలు. నవంబరు, డిసెంబరుల్లో కోతలు, ధాన్యం తోలకాలు. ఆ వెంటనే దాళ్వా (రబీ వరి). ఏప్రిల్‌లో మళ్లీ కోతలు, తర్వాత కాలవలు కట్టేస్తారు. వ్యవసాయం ఉన్న ఇంట్లో కోతల నెలల్లో రోజుకి మూడు గంటలు చదువుతానని రాసుకోవడం మనల్ని మనం మోసం చేసుకోవడమే. అప్పుడు అరగంట పెట్టుకోండి. కాలవ కట్టేసిన వేసవిలో మూడు గంటలు పెట్టుకోండి. జూలై, ఆగస్టుల్లో వరద వచ్చే లంక గ్రామాలవాళ్లు ఆ రెండు నెలల్లో పరీక్ష ఫీజు గడువులు, ఆన్‌లైన్ దరఖాస్తులు ఆఖరి రోజుదాకా ఉంచకండి. సర్టిఫికెట్లు స్కాన్ చేసి ఫోన్‌లో, మెయిల్‌లో పెట్టుకోండి. అసలు కాగితాలు ప్లాస్టిక్ కవర్‌లో అటక మీద.

అలవాటు 21 రోజుల్లో పడుతుందంటారు. నిజమేనా?

ఆ లెక్కకి ఆధారం లేదు. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో ఫిలిపా లాలీ బృందం 96 మందిని 12 వారాలపాటు గమనించింది. ఒక పని ఆలోచించకుండానే చేసే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే, కొందరికి లెక్క ప్రకారం 254 రోజులు. చిన్న పని తొందరగా అలవాటవుతుంది, పెద్దదానికి నెలలు పడుతుంది. ఆ పరిశోధనలోనే ఇంకో మంచి సంగతి ఉంది: ఒక రోజు తప్పితే పెద్దగా నష్టం లేదు. ఒక రోజు పోయిందని మొత్తం వదిలేసేవాళ్లు ఇది తప్పక గుర్తుపెట్టుకోవాలి.

కొత్త పనిని ఇప్పటికే రోజూ చేసే పని వెనకాల తగిలించండి. "రోజూ ఇంగ్లీషు చదువుతాను" అని రాసుకుంటే సాగదు. "పొద్దున్న కాఫీ తాగి గ్లాసు కడిగి పెట్టగానే, అరుగు మీద కూర్చుని ఒక పేజీ పైకి చదువుతాను" అని రాసుకుంటే సాగుతుంది. ఎప్పుడు, ఎక్కడ అనేవి ముందే తేలిపోతే ఆ సమయానికి మనసుతో బేరం ఆడే పని ఉండదు.

తెల్లవారుజామున నాలుగింటికి లేవాల్సిందేనా?

అవసరం లేదు. సరిపడా నిద్ర పోవాలి, రోజూ ఒకే వేళకి లేవాలి. షిఫ్టు ముగించి రాత్రి పన్నెండింటికి ఇంటికొచ్చే కుర్రాడికి నాలుగింటి లెక్క చెప్పడం అన్యాయం.

ఫోన్ పట్టుకుంటే గంట తెలియకుండా పోతోంది. ఏం చేయాలి?

ఫోన్‌ని తిట్టుకోవడం వల్ల లాభం లేదు, దాన్ని ఇంకో గదిలో పెట్టడం వల్ల ఉంది. పని చేసే బల్ల మీద సైలెంట్‌లో ఉన్నా చెయ్యి వెళ్తూనే ఉంటుంది. ఫ్రాన్సెస్కో చిరిల్లో అనే ఇటలీ దేశస్థుడు 1980ల చివర్లో కాలేజీలో చదువుకుంటూ తన కోసం పెట్టుకున్న పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది: 25 నిమిషాలు ఒకే పని, 5 నిమిషాలు విరామం. ఫోన్‌లో టైమర్ పెడితే మళ్లీ ఫోనే చేతిలో ఉంటుంది, కాబట్టి గోడ గడియారం చూసుకోండి. విరామంలో రీల్స్ తెరవకండి, పెరట్లోకి వెళ్లి నాలుగు అడుగులు వేసి రండి.

ఉద్యోగంలో ఉన్నాను. పనంతా ఆఖరి నిమిషంలో మీద పడుతోంది, రోజూ టెన్షనే. ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందు ఒక వారం పాటు మీ రోజు ఎక్కడికి పోతోందో రాయండి. ఏం మార్చకండి, ఊరికే రాయండి. మిల్లులో గుమస్తాగా చేసే ఒకాయన పేజీ ఇలా ఉంటుంది: 9:10 లారీ దిగుమతి, 9:25 యజమాని ఫోన్, 9:40 తేమ మెషిన్ బ్యాటరీ వెతుకులాట, 10:05 మళ్లీ మొదటి లారీ కాటా చీటీ, 10:20 రైతు వచ్చి డబ్బులెప్పుడని అడగడం. ఇందులో ఆయన బద్ధకం ఎక్కడా లేదు. పని మధ్యలో పని, వస్తువు చోటులో వస్తువు లేకపోవడం, అడిగిందే మళ్లీ అడిగేవాళ్లు, ఈ మూడే ఉన్నాయి. బ్యాటరీలు, చీటీ పుస్తకం, పెన్ను సాయంత్రం వెళ్లేముందే ఒక డబ్బాలో పెట్టేస్తే ఒకటి తీరుతుంది. చెల్లింపుల తేదీలు తెల్లకాగితం మీద రాసి తలుపు దగ్గర అంటిస్తే ఇంకోటి తీరుతుంది. ధాన్యంలో తేమ 17 శాతం దాటితే ప్రభుత్వ కొనుగోలుకి ఒప్పుకోరన్న సంగతి కూడా ఆ కాగితం మీదే పెడితే, సగం వాదనలు కాటా దాకా రావు.

మిగతాది ఏ ఆఫీసుకైనా వర్తిస్తుంది. ఇంటికి బయల్దేరే ముందు పది నిమిషాలు కూర్చుని రేపటి పనులు రాయండి, వాటిలో తప్పనిసరిగా అవ్వాల్సిన ఒక్కదాని కింద గీత గీయండి. పొద్దున్న మొదటి గంట దానికే ఇవ్వండి, వాట్సాప్ తర్వాత చూడండి. పై అధికారి నోటిమాటగా చెప్పిన పనిని అక్కడే చిన్న పుస్తకంలో రాసుకుని, "శుక్రవారం సాయంత్రానికి ఇస్తే సరిపోతుందాండి?" అని తేదీ ఖాయం చేసుకోండి. ఆ తేదీకి అవ్వదని బుధవారం తెలిస్తే బుధవారమే చెప్పండి. ముందే చెప్పిన ఆలస్యాన్ని సర్దుకుంటారు, శుక్రవారం సాయంత్రం బయటపడ్డ ఆలస్యం మీ పేరుకి మచ్చ తెస్తుంది. ఉద్యోగంలో నమ్మకం సంపాదించే అలవాటు ఒక్కటే చెప్పమంటే నేను దీన్నే చెబుతాను.

తెలుగు మీడియం చదువు. ఇంటర్వ్యూలో ఇంగ్లీషు అంటేనే నోరు పెగలదు.

గ్రామర్ పుస్తకంతో మొదలుపెట్టకండి. మీరు చేసిన పని గురించి పది వాక్యాలు ఇంగ్లీషులో రాసుకుని, పైకి చదివి, ఫోన్‌లో రికార్డు చేసి వినండి. వారానికి మరో పది. ఇంటర్వ్యూలో అడిగేది ఎక్కువగా అదే. నోరు తిరగనిచోట సులువైన మాట వేసుకోండి. ఒక ప్రశ్న అర్థం కాకపోతే మళ్లీ అడగమనడం తప్పు కాదు.

జీతం పెంచమని అడగాలంటే మొహమాటం. ఎలా?

మొహమాటం పోదు, కాగితం చేతిలో ఉంటే తగ్గుతుంది. ప్రతి శనివారం ఆ వారం చేసిన పని, ఆదా చేసిన డబ్బు, కొత్తగా నేర్చుకున్నది రెండు వాక్యాల్లో రాసి పెట్టుకోండి. ఏడాది తిరిగేసరికి మీ దగ్గర ఆధారం ఉంటుంది. యజమాని తీరిక చూసి, విడిగా, ఒక అంకె చెప్పి అడగండి. "ఏదో మీ దయ" అని ముగించకండి. కుదరదంటే ఎప్పుడు మళ్లీ మాట్లాడవచ్చో తేదీ అడగండి.

ఇంట్లోనే లేసు అల్లుతుంటాను, పిల్లలు పెద్దవాళ్లయ్యారు. నాకు కూడా కెరీర్ అనేది ఉంటుందా?

మీరు చేస్తున్నది ఇప్పటికే పనే అమ్మా. నరసాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. కానీ ఆ పేరు విలువ అల్లే చేతిదాకా రావాలంటే ముందు మీ గంటకి ఎంత పడుతోందో మీకు తెలియాలి. ఒక ముక్క అల్లడానికి ఎన్ని గంటలు పట్టిందో, దారం ఖర్చెంతో, చేతికి ఎంత వచ్చిందో ఒక నెలపాటు రాయండి. ఏ డిజైన్ గిట్టుబాటో, ఏది మీ కళ్లు, మెడ అరగదీసి పైసలు మాత్రమే ఇస్తోందో ఆ పేజీ చూపిస్తుంది. తర్వాతి లక్ష్యం అక్కడినుంచి పుడుతుంది: గిట్టని డిజైన్ మానేయడమో, పక్కింటి నలుగురితో కలిసి ఆర్డరు తీసుకోవడమో, ఫొటోలు తీసి నేరుగా అమ్మడమో. జిల్లాల్లో బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థల్లో శిక్షణ ఉచితం, భోజనం, వసతి కూడా ఇస్తారు. ఇల్లు వదిలి రోజుల తరబడి ఉండటం కుదురుతుందో లేదో ముందే ఇంట్లో మాట్లాడుకోండి.

గల్ఫ్ వెళ్దామనుకుంటున్నాను. అది కూడా లక్ష్యమేనా?

ఎంత కూడబెట్టాలి, ఎప్పుడు తిరిగి రావాలి, వచ్చాక ఏం చేయాలి అన్నవి రాసుకుని వెళ్తే లక్ష్యమే. పదో తరగతి పాసైనవాళ్లకి పాస్‌పోర్టులో ఎమిగ్రేషన్ క్లియరెన్స్ (పనికోసం దేశం దాటేందుకు ప్రభుత్వ అనుమతి) అక్కర్లేని హోదా వస్తుంది, కాబట్టి పది తప్పినవాళ్లు ముందు అది కట్టి పాసవ్వండి. ఏజెంటుకి రిజిస్ట్రేషన్ ఉందో లేదో కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూడకుండా రూపాయి ఇవ్వకండి. విజిట్ వీసా మీద పనికి పంపిస్తానంటే అక్కడితో ఆపేయండి.

ఇవన్నీ యాప్‌లో రాయాలా, నోటుబుక్కులోనా?

పది రూపాయల లాంగ్ నోటుబుక్కు చాలు. ఎడమ పేజీలో ఆ వారం చేస్తానన్నది, కుడి పేజీలో చేసింది. ఆదివారం అరగంట కేటాయించి రెండు పేజీలూ పక్కపక్కన చూడండి. వరసగా మూడు వారాలు ఎడమ పేజీలోనే ఉండిపోయిన పని కనబడితే దాన్ని సగానికి తగ్గించండి, లేదా కొట్టేసి ఆ చోటు ఇంకోదానికి ఇవ్వండి.